రెండు బాదామీల మధ్య

గోడకు ఏ రంగు వేయించాలన్నది ధార్మిక సమస్య కాదు. దానికి ఫత్వా అడగవలసిన పని లేదు, ఇవ్వవలసిన పనీ లేదు. అయినా గత శీతకాలంలో మా ఇంట రెండు వారాలపాటు ఇషా నమాజు తర్వాత సాగిన సంభాషణ అంతా గోడల రంగు గురించే. ఎంపిక ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య అయివుంటే ఒక్క పూటలో తేలిపోయేది. కాని అవి రెండూ బాదామీ రంగులే. పక్కపక్కన పెడితే తప్ప వేరని తెలియనంత దగ్గరివి. అందువల్లనే తేలలేదు.

మాది శ్రీకాకుళం పట్టణం. మూడు గదులు, ఒక వరండా ఉన్న డాబా ఇల్లు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను తర్వాత మా పడమటి గోడకు చెమ్మ పట్టింది. ఆ తర్వాత ప్రతి వానాకాలమూ పుట్టీ పొరలు పొరలుగా లేస్తూనే వచ్చింది. మేమూ ఏటేటా వాయిదా వేస్తూనే వచ్చాము. నిరుడు మా అబ్బాయి నికాహ్ జరిగింది. కోడలిది విజయనగరం. అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ వారానికొకసారి వచ్చి వెళ్తుంటాడు. కోడలు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నది. ఇంట్లో అందరికన్నా పెద్ద మా అమ్మీ. ఆమెకు ఎనభై దాటాయి. వీధివైపు గది ఆమెది. పగలంతా ఆ గదిలోనే గడుపుతారు, కుర్చీలో కూర్చుని అక్కడే నమాజు చేస్తారు.

రంగులకు డబ్బు అబ్బాయి పంపాడు. దుకాణం నుంచి షేడ్ కార్డు తెప్పించాము. కోడలు ఒక గడి మీద వేలు పెట్టింది. మా శ్రీమతి దాని కింది గడి మీద పెట్టింది. పెయింటరు మేస్త్రీ రెండింటినీ కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూసి, "ఏటి మౌల్వీ గారూ, రెండూ ఒకటేనండీ బాబూ! ఏదో ఒకటి సెప్పేయండి, గోడ మీద పడ్డాక ఎవులికీ తెలీదు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషి మాట అది, తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఇంటిలోని ప్రతి వస్తువునూ తన చేతులతో అమర్చుకున్న ఇల్లాలు ఒకవైపు, ఈ గడప తొక్కిన తర్వాత మొట్టమొదటిసారి ఒక కోరిక బయటపెట్టిన ఆడపిల్ల మరొకవైపు. "రెండూ ఒకటే" అని తీర్పు చెబితే వాళ్ళిద్దరిలో ఒకరి కంటికి విలువ లేదని చెప్పినట్లే. పైకి అది రంగు తగవు. లోపల అది ఈ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న. పాఠకులలో కోడళ్ళూ ఉన్నారు, అత్తలూ ఉన్నారు కనుక ఇంతకన్నా వివరించనవసరం లేదు.

మదర్సాలో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెబుతున్న నాకు సన్నని రంగు తేడాలు కొత్త కావు. ఇలా అంటే కొందరు ఆశ్చర్యపోవచ్చు. మగ్రిబ్ వేళ ఎప్పుడు ముగుస్తుందో చెప్పే పాఠం గుర్తు చేసుకోండి. షఫఖ్ అస్తమించే వరకు మగ్రిబ్ సమయం ఉంటుంది. ఆ షఫఖ్ అంటే ఏమిటి? పడమటి ఆకాశంలో ఎరుపు పోయిన తర్వాత మిగిలే తెల్లదనమే షఫఖ్ అన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఎరుపే షఫఖ్ అన్నది ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ)ల అభిప్రాయం. గురుశిష్యుల మధ్య భేదం ఆకాశపు అంచున ఉన్న రెండు ఛాయల మధ్య భేదమే. ఈ పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలను డాబా మీదికి తీసుకుపోయి పడమటి దిక్కు చూపిస్తాను. "ఉస్తాద్, ఎరుపు ఎక్కడ ఆగింది, తెలుపు ఎక్కడ మొదలైంది?" అని వాళ్ళు అడుగుతారు. గీత గీసి చూపలేము. చూడటం అలవాటు చేసుకోవలసిందే. ఒక ఆరాధన వేళ ఆ తేడా మీద ఆధారపడి ఉన్నది కనుక మన పెద్దలు దాన్ని అంత శ్రద్ధగా చూశారు.

దీనికి మరొక వైపు కూడా ఉన్నది. సూరె బఖరాలో ఇస్రాయీల్ సంతతివారి ఆవు ఉదంతం మనందరికీ తెలిసినదే. ఒక ఆవును జబహ్ చేయమని ఆజ్ఞ వచ్చింది. ఏదో ఒక ఆవును తెచ్చి ఉంటే సరిపోయేది. వారు ఎలాంటిదని అడిగారు, తర్వాత రంగు ఏమిటని అడిగారు, రంగు చెప్పిన తర్వాత కూడా ఆవులన్నీ మాకు ఒకేలా కనిపిస్తున్నాయన్నారు. అడిగినకొద్దీ దారి ఇరుకైపోయింది. మా శ్రీమతికి ఈ ఉదంతం గుర్తు చేద్దామనుకుని మానుకున్నాను. ఎందుకంటే అందులో రంగు గురించి వచ్చిన జవాబును చూడండి. నిగనిగలాడే పసుపు అని మాత్రమే కాదు, చూసేవారికి ఆహ్లాదం కలిగించేదని కూడా ఉన్నది. చూసే కంటి ప్రస్తావన లేకుండా రంగు ప్రస్తావన పూర్తి కాలేదు. మా ఇంట చూసే కళ్ళు ఎవరివన్నదే నాకు తోచిన ప్రశ్న.

ముందు పేర్ల గొడవ చెప్పాలి. ఈ రంగును ఆంగ్లంలో బేజ్ అంటారు. మాట ఫ్రెంచివారిది. అద్దకం వేయని, చలువ చేయని, గొర్రె ఒంటి మీద ఉన్నప్పటి ఛాయతోనే నేసిన ఉన్ని బట్టకు వారు పెట్టుకున్న పేరు. అంటే అద్దిన రంగు పేరు కాదది, రంగు అద్దకపోవటం పేరు. ఆ లెక్కన మన ప్రాంతమంతా ఆ రంగే. చలువకు పోని పొందూరు ఖద్దరు, జనపనార, కాశీబుగ్గ బట్టీలలోని జీడిపప్పు, నాగావళి ఇసుక. తెలుగులో గంధం రంగు అంటాము, మీగడ రంగు, లేత గోధుమ, బిస్కెట్ రంగు అంటాము. మన ఉర్దూ ఇళ్ళలో సందలీ అంటాము, బాదామీ అంటాము. పోలీసుల దుస్తులకు పేరిచ్చిన ఖాకీ కూడా ఈ కుటుంబంలోనిదే. ఖాక్ అంటే మట్టి, ఆ మట్టి రంగే ఖాకీ.

ఇన్ని పేర్లున్నా పేరు వల్ల మాకు మేలు జరగలేదు. రెండు రోజులు అత్తాకోడళ్ళు ఇద్దరూ "బాదామీ" అనే మాటతోనే వాదించుకున్నారు. మూడో రోజు తెలిసిందేమిటంటే, మా శ్రీమతి దృష్టిలో బాదామీ అంటే పైపొట్టుతో ఉన్న బాదం పప్పు రంగు. కోడలి దృష్టిలో రాత్రి నానబెట్టి తెల్లవారి పొట్టు తీసిన బాదం పప్పు రంగు. ఒకే పేరు, రెండు రంగులు. షేడ్ కార్డు మీది పేర్లు ఇంకా దూరం. ఎడారులూ సముద్రపు గవ్వలూ పాశ్చాత్యుల మిఠాయిలూ అక్కడ ఉన్నాయి గాని, మా ఇంట ఎవరూ చూసిన వస్తువు ఒక్కటీ లేదు. మేస్త్రీ సలహా బాగున్నది. "పేరెందుకండీ, నెంబరు సెప్పండి" అన్నాడు. రంగు నంబరు, డబ్బా పరిమాణం, తేదీ రాసిపెట్టుకోండి. అయిదేళ్ళ తర్వాత ఒక గోడ మరమ్మతుకు వస్తే ఆ చీటీయే దిక్కు.

దుకాణంలో ఆ నంబరుకు రంగు ఎలా తయారవుతుందో చూశాను. తెల్లని బేస్ డబ్బాను యంత్రం కింద పెడతారు. కంప్యూటరు లెక్క ప్రకారం పసుపు ఆక్సైడు, ఎర్ర ఆక్సైడు, నలుపు కొద్ది కొద్దిగా అందులో పడతాయి. మూత బిగించి డబ్బాను గిలకొడతారు. పసుపు, ఎరుపు ఆక్సైడులు ఇనుము సంబంధమైనవి. మన ఎర్రనేలలకు ఆ రంగునిచ్చేది కూడా ఇనుపధాతువే. ఇక ఆ తెల్లదనం టైటానియం డయాక్సైడుది. దానికి ముడి ఖనిజాలలో ఒకటైన ఇల్మెనైట్ భావనపాడు నుంచి కళింగపట్నం, భీమునిపట్నం వరకు మన తీరంలోని నల్ల ఇసుకలోనే ఉన్నది. నల్ల ఇసుకలో నుంచి తెలుపు వస్తుందని పిల్లలకు చెబితే సుబ్హానల్లాహ్ అన్నారు.

కోడలు ఎంచిన దానిలో ఎరుపు రవ్వంత ఎక్కువ, శ్రీమతి ఎంచిన దానిలో పసుపు, నలుపు కొంచెం ఎక్కువ. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. విడిగా చూస్తే ఈ మొగ్గు కనిపించదు. తెల్ల కాగితం తెచ్చి పక్కన పెట్టండి, తెలిసిపోతుంది. ఒకటి గులాబీ తగిలిన గంధం, మరొకటి బూడిద తగిలిన గంధం. ఏది తెలుపు అన్నది ముందు తేలితే తప్ప ఏది బాదామీ అన్నది తేలదు. అమెరికాలో ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు రెండు లక్షలకు పైగా నక్షత్రమండలాల కాంతిని కలిపి సృష్టి మొత్తానికి సగటు రంగు ఏమిటో లెక్కగట్టారు. 2002 జనవరిలో లేత పచ్చనీలమని ప్రకటించారు. రెండు నెలలకే సవరించుకున్నారు. కంప్యూటరు తెలుపుగా తీసుకున్న కొలత సరైనది కాదట. తెలుపును సరిచేసి చూస్తే వచ్చిన రంగు బేజ్! అంతటివారికే తెలుపు దగ్గర చిక్కు వచ్చినప్పుడు మా వరండాలో రావటం వింత కాదు.

మన పాత సున్నం రోజులలో ఈ బాధ వేరు విధంగా ఉండేది. 1641లో కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన మన జామియా మసీదు నాటి నుంచి మా చిన్ననాటి వరకు ఈ ఊరి గోడలకు సున్నమే దిక్కు. రంజాన్ ముందు ఇంటింటా సున్నం కొట్టేవారు. సున్నం పచ్చబారకుండా అందులో కాస్త నీలిమందు కలిపేవారు. పసుపు ఛాయను నీలం విరుస్తుందన్న సంగతి మా నాయనమ్మకు ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. సున్నం తడిగా ఉన్నప్పుడు నల్లగా మబ్బుగా ఉండి, ఆరినకొద్దీ తెల్లబడుతుంది. ఇప్పటి ఎమల్షను సాధారణంగా అందుకు విరుద్ధం, తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. కనుక మేస్త్రీ బ్రష్షు తీయగానే "బాగుంది" అనీ అనవద్దు, "బాగులేదు" అనీ అనవద్దు. ఒక రోజు ఆగండి. కార్డు మీద వేలెడంత గడిలో కనిపించిన రంగు నాలుగు గోడల మీద పడేసరికి మరింత చిక్కగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఒక గోడ వెలుతురు మరొక గోడ మీద పడి రంగును పెంచుతుంది.

చివరకు రెండింటివీ చిన్న డబ్బాలు తెప్పించాను. అమ్మీ గదిలో రెండు గోడల మీద, హాలులో ఒక గోడ మీద, రెండేసి అడుగుల చతురాలుగా రెండు పూతలు వేయించాను. రెండు చతురాలను ఆనించి వేయనివ్వలేదు, మధ్య జానెడు ఎడం ఉంచాము. పక్కన ఉన్న రంగు కంటిని తనవైపు లాగుతుంది. వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రం గురించి రాసిన కితాబుల్ మనాజిర్‌లో ఈ సంగతిని చర్చించారు. ఒకే రంగు చుక్క తెల్లని వస్తువు మీద ఒక రకంగా, నల్లని వస్తువు మీద మరొక రకంగా కనిపిస్తుందని, పడే వెలుతురు మారితే రంగు మారినట్లు తోస్తుందని ఆయన గమనించారు.

ఎప్పుడెప్పుడు చూడాలన్న ప్రశ్నకు మన ఇళ్ళలో జవాబు వెతకనవసరం లేదు. అయిదు పూటలూ నమాజుకు లేస్తాము కదా, అప్పుడే చూశాము. ఫజర్ వేళ తెల్లని ఎల్‌ఈడీ దీపం కింద శ్రీమతి రంగు బూడిదలా, కోడలి రంగు పాలిపోయినట్లు ఉన్నాయి. పొద్దెక్కి తూర్పు ఎండ లోపలికి వచ్చేసరికి కోడలి రంగు ఎర్రమట్టి కలిసిన పాలలాగా అయింది, శ్రీమతి రంగు మాత్రం చక్కని గంధంలా నిలిచింది. జుహర్ వేళ మేస్త్రీ మాటే నిజం, రెండూ ఒకటే. అతను ఎప్పుడూ పట్టపగలే చూస్తాడు మరి. అసర్ వేళ కథ మారింది. వీధికి అవతలి ఇంటి గోడకు ఆకుపచ్చ రంగు ఉన్నది. దాని మీద పడిన ఎండ మా అమ్మీ గదిలోకి తిరిగి వచ్చేసరికి శ్రీమతి రంగుకు నాచు ఛాయ వచ్చింది. కోడలి రంగులోని ఎరుపు ఆ పచ్చదనాన్ని తట్టుకున్నది. హాలులో మాత్రం దీనికి తలకిందులు. అక్కడ మా నాన్నగారు వేయించిన రెడ్ ఆక్సైడు గచ్చు ఇంకా ఉన్నది. ఆ ఎరుపు గోడ మీదికి ఎగజిమ్మి కోడలి రంగును మాంసం రంగులోకి మార్చింది. శ్రీమతి రంగు అక్కడ హాయిగా ఉన్నది. ఎవరి కన్నూ అబద్ధం చెప్పలేదన్నమాట. ఆమె హాలులో నిలబడి కార్డు చూసింది, ఈమె దాదీ గదిలో కూర్చుని చూసింది.

ఇంతవరకు అమ్మీని ఎవరూ అడగలేదు. అడిగితే "నాకెందుకు బేటా, మీకు నచ్చినది వేయండి" అనేవారు. కోడలే ఒకరోజు ఆమె పక్కన కూర్చుని అడిగింది. ఉదయం అడిగితే రెండూ ఒకటే అన్నారు, సాయంత్రం అడిగితే వేరు అన్నారు. ఆ పిల్ల దాన్ని చాదస్తమనుకోలేదు. "దాదీ, ఒక కన్ను మూసుకుని చూడండి. ఇప్పుడు రెండోది" అన్నది. అమ్మీకి కుడి కంటికి శుక్లాల ఆపరేషను అయి ఏడాదయింది. ఎడమ కంటికి ఇంకా కాలేదు. ఎడమ కంటితో చూస్తే రెండు చతురాలూ చాయ్ రంగే. కుడి కంటితో చూస్తే ఒకటి గులాబీ, ఒకటి బూడిద.

కారణం వైద్యులు చెప్పేదే. వయసుతోపాటు కంటిలోని సహజమైన కటకం పసుపుబారుతుంది, ముదిరితే గోధుమరంగులోకి తిరుగుతుంది. నీలి వెలుతురును అది లోపలికి సరిగా పోనివ్వదు. మార్పు ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది కనుక మనిషికి తెలియదు. ఆపరేషనులో దాన్ని తీసి నిర్మలమైన కటకం అమర్చగానే తెల్లనివన్నీ నీలిమందు పెట్టినట్లు కనిపిస్తాయి. ఫ్రాన్సు చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1923లో ఒక కంటికి మాత్రమే ఈ ఆపరేషను జరిగింది. రంగులతోనే జీవించిన ఆ మనిషి ఆ తర్వాత రెండు కళ్ళకూ రెండు లోకాలు కనిపించి ఎంతో తికమకపడ్డాడు. మా అమ్మీ ఏడాదిగా అదే స్థితిలో ఉన్నారు, ఎవరితోనూ అనలేదు. పెద్దవాళ్ళున్న ఇళ్ళవారు ఒకసారి ఇలా ఒక్కో కన్ను మూయించి అడిగి చూడండి. ఒక కంటికి లోకం గోధుమరంగుగా కనిపిస్తే అది గోడ సమస్య కాదు, కంటి వైద్యుడి దగ్గరకు తీసుకుపోవలసిన సంగతి.

"మరి మీకు ఏది కావాలి?" అని కోడలు మళ్ళీ అడిగింది. అమ్మీ కొంతసేపు ఆలోచించారు. "బూడిదది వద్దు బేటీ, తుఫానప్పటి చెమ్మగోడలా ఉంది. ఆ రెండోది వేయండి. కాని నాకు రంగు కాదు కావలసింది. గడప కనిపించాలి. రాత్రి లేచినప్పుడు స్విచ్చి కనిపించాలి" అన్నారు.

ఆ మాటతో మా చర్చ అంతా వేరే దారి పట్టింది. అబ్బాయి పంపిన ఫోటోలలో ఇప్పటి వాడుక ప్రకారం గోడా, తలుపూ, గడపా, పరదా అన్నీ ఒకే బాదామీ కుటుంబంలోవి. చూడటానికి ప్రశాంతంగా ఉంటాయి, నిజమే. చూపు తగ్గినవారికి అదే ప్రమాదం. గోడ ఎక్కడ ముగిసిందో, తలుపు చట్రం ఎక్కడ మొదలైందో, నేల మీద మెట్టు ఎక్కడ లేచిందో వేరుపడదు. మా ఇంటి గడప నాలుగు అంగుళాల ఎత్తు. కనుక అమ్మీ గదిలో గోడలకు కోడలి బాదామీ, తలుపు చట్రానికీ గడపకూ ముదురు గోధుమరంగు ఎనామిల్ వేయాలని నిర్ణయించాము. తెల్లని స్విచ్ బోర్డు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున అదే ముదురు రంగు పట్టీ. మేస్త్రీకి ఈ పట్టీ బొత్తిగా నచ్చలేదు. "ఇంత మంచి గోడకి ఈ గీతేటండీ" అని రెండుసార్లు అడిగాడు.

పని మొదలైన రోజు కాశీబుగ్గ నుంచి మా చిన్నాన్నగారి కూతురు వచ్చింది. వయసులో నాకన్నా పెద్దది కనుక ఆపా అంటాము. ఆపా ఏళ్ళ తరబడి జీడిపప్పు ఏరిన మనిషి. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పప్పును పరిమాణాన్ని బట్టి, రంగును బట్టి వేరు చేస్తారు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 వరకు తూగే తెల్లని గుండు పప్పు. డబ్ల్యూ 240 దానికన్నా పెద్దది. వేడి కాస్త ఎక్కువై లేత గోధుమరంగు తిరిగిన పప్పు, రుచిలో పెద్ద తేడా లేకపోయినా, వేరే రకంలోకి పోతుంది, ధర తగ్గుతుంది. ఆ దంతపు తెలుపుకూ ఈ లేత గోధుమకూ మధ్య రోజంతా వేలు ఆడించేది ఎక్కువగా ఆడవాళ్ళే. మా తగవు విని ఆపా నవ్వింది. "మేము రోజుకు ఇన్ని వేలసార్లు తేల్చేది ఇదే తమ్ముడూ. ఒక్క పప్పును చేతిలో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. పక్కన మంచిది ఒకటి ఉండాలి. ఎక్కువసేపు చూడకూడదు, చూసినకొద్దీ కన్ను ఒప్పేసుకుంటుంది" అన్నది.

మరునాడు రెండో డబ్బా మూత తీయగానే ఆపా, "ఇది నిన్నటిది కాదు" అన్నది. నంబరు అదే, దుకాణం అదే. మేస్త్రీ ఒప్పుకోలేదు. రెండు డబ్బాల రంగునూ ఒక అట్టముక్క మీద పక్కపక్కన పూసి ఆరబెట్టి, వరండా వెలుతురులో చూపించింది. నిజంగానే రవ్వంత తేడా. వేరు వేరు రోజులలో కలిపిన డబ్బాలకు ఇది వస్తూనే ఉంటుందట. మేస్త్రీ అప్పుడు ఒప్పుకుని, మిగిలిన రంగు అంతా ఒకే పెద్ద డ్రమ్ములో పోసి కలిపి, ఒక గోడను మూల నుంచి మూల దాకా ఒకే రంగుతో ముగించాడు. గోడ మధ్యలో డబ్బా మార్చకుండా మూల దగ్గర మార్చాలన్నది ఇందుకే. "అక్కగారి కన్ను మా పన్లోకి రావాల్సింది" అన్నాడు చివరికి.

ఖర్చు సంగతి ఎక్కువ చెప్పను. అబ్బాయి హాలులో ఒక గోడకు బంగారు మెరుపు గల అలంకారపు పూత కావాలన్నాడు. నేను వద్దన్నాను. మాత హజ్రత్ ఆయిషా (రజి) ఇంట అలంకారం కోసం వేలాడదీసిన తెరను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తొలగించి, రాళ్ళకూ మట్టికీ వస్త్రాలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదన్న భావంలో సెలవిచ్చిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇది నిషేధమని కాదు, ఇష్టమైన పని కాదని పలువురు ధర్మవేత్తలు వివరించారు. మస్జిదె నబవీని విస్తరించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి), ప్రజలను వాన నుంచి కాపాడితే చాలునని, ఎరుపు పసుపు రంగులు పూసి వారి మనసు చెదరగొట్టవద్దని చెప్పినట్లు ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. ఆ తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) అదే మసీదును చెక్కిన రాతితో, గచ్చుతో కట్టించి, పైకప్పుకు టేకు వాడారన్నదీ అక్కడే ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చదవాలని నా అభిప్రాయం. గోడకు పూత అవసరం, చెమ్మ నుంచి, పురుగు నుంచి కాపాడుతుంది, చీకటి గదికి వెలుతురునిస్తుంది. బంగారు మెరుపు అందులో ఏ పనీ చేయదు. ఆ డబ్బుతో అమ్మీ స్నానాలగదిలో పట్టుకోవటానికి స్టీలు కడ్డీ పెట్టించాము. అబ్బాయి మొదట ముఖం ముడుచుకున్నాడు గాని, దాదీ ఆ కడ్డీ పట్టుకుని లేవటం చూశాక మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు.

హాలుకు శ్రీమతి రంగు, అమ్మీ గదికి కోడలి రంగు, వంటగదికి ఎప్పటి తెలుపే. ఇలా చెబితే సులభంగా తేలినట్లు ఉంటుంది. నడిమి గది దగ్గర మళ్ళీ మూడు రోజులు పట్టింది, ఆ సంగతి రాయను. శ్రీమతి ఇప్పటికీ అమ్మీ గది రంగు బాగుందని అనలేదు. కాని అసర్ తర్వాత తస్బీహ్ తీసుకుని ఆ గదిలోనే వెళ్ళి కూర్చుంటున్నది. కోడలు హాలు పరదాలు తన చేత్తో కుట్టింది, ఆ గోడకు తగిన రంగులో.

ఈద్ తర్వాత అమ్మీ రెండో కంటికి ఆపరేషను చేయిద్దామని వైద్యులు అన్నారు. అప్పుడు ఆ గోడ ఇంకో విధంగా కనిపించవచ్చు. అందుకని కోడలు ఒక అట్టముక్క మీద రెండు రంగులూ పూసి, వెనుక నంబర్లు రాసి అమ్మీ దిండు పక్కన పెట్టింది. "అప్పుడు రెండు కళ్ళతో చూసి చెప్పండి దాదీ, నచ్చకపోతే మార్చేద్దాం" అన్నది.

"ఇన్షా అల్లాహ్ చూద్దాం బేటీ" అన్నారు అమ్మీ. "గడప జోలికి మాత్రం వెళ్ళకండి."